మూడో వీధి పదమూడో పొయ్యి

ఎర్రలంక, 52వ ఏడు, 214వ రోజు

పొద్దున్నే టీ తాగుతూ తప్పుల చిట్టా చదవడం నా ఉద్యోగంలో మొదటి పని. సర్వర్‌కి అర్థం కాని ప్రశ్న ఏదొచ్చినా ఆ చిట్టాలో పడుతుంది. మామూలుగా రెండో వీధి స్నానాల గది తలుపు ఉంటుంది, అది పాతికేళ్ళుగా అలా గొణుగుతూనే ఉంది. ఇవాళ కొత్తది కనబడింది. గంటకొకటి చొప్పున పద్నాలుగు ప్రశ్నలు. అన్నీ ఒకే ప్రశ్న. మొదటి అక్షరాలు చూస్తే అది వెర్షన్ ఆరు భాష.

వెర్షన్ ఆరు మాట్లాడే యంత్రం ఎర్రలంకలో ఒక్కటీ లేదు. ఇప్పుడు నడుస్తున్నది ఇరవై మూడు. పట్టికల్లో గడులు కలిపినా, తీసినా, జరిపినా ఒక వెర్షన్ పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ పాత యంత్రాలు కంగారు పడకుండా ఒక దుబాసీని రాసి పెడతాను. పాత తలుపు పాత భాషలో అడుగుతుంది, దుబాసీ దాన్ని కొత్త భాషలోకి మార్చి సర్వర్‌కి చెబుతుంది, జవాబును మళ్ళీ పాత భాషలో తలుపుకి చెబుతుంది. దుబాసీలు పని చేసినన్నాళ్ళూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. నాకూ అదే హాయి.

ఆరో దుబాసీని మూడేళ్ళ కిందట తీసేశాం. తీసేయమన్నది మా గోవర్ధనం గారు. ఆయన సర్వర్ గదికి పెద్ద, ఇవాళ్టికి పన్నెండో రోజున వెర్షన్ ఇరవై నాలుగు ప్రారంభోత్సవం పెట్టుకుని ఉపన్యాసం బట్టీ పడుతున్నారు. అందుకని వారం ముందునుంచే సర్వర్‌లో మార్పులు బంద్. చిట్టా చూపిస్తే కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"ఏదో పాత సెన్సర్ చస్తూ చస్తూ అరుస్తున్నట్టుందమ్మా హైమా. దులిపేయ్."

నేను దులపలేదు. నాకు ఎవరైనా దులిపేయమంటే ఆ రోజంతా అదే పని మీద కూర్చోబుద్ధి అవుతుంది.

215వ రోజు

పాత కొట్లోంచి ఆరో దుబాసీని తెచ్చి, జవాబు చెప్పే సగాన్ని కట్టేసి, వినే సగాన్ని మాత్రం లేపాను. గంట తిరిగేసరికి ప్రశ్న వచ్చింది. దుబాసీ దాన్ని ఇలా మార్చింది.

మూడో వీధి. పదమూడో పొయ్యి. నలభై ఒక్కరం. గాలి ఉందా?

వెర్షన్ ఆరు నాటికి ఊళ్ళో మనుషులకు నంబర్లు లేవు. పొయ్యిని బట్టి కుటుంబం, కుటుంబాన్ని బట్టి గాలి వాటా. గేటు బయట పీల్చే గాలి లేని ఊరు మరి. అంతవరకు సరే. కానీ ఏ వీధిలోనూ పన్నెండు ఇళ్ళకు మించి లేవు. పదమూడో పొయ్యి ఎక్కడిది? పైగా నలభై ఒక్కమంది ఒక పొయ్యి మీదా?

యాంటెన్నా ఎటు తిరిగి ఉందో చూశాను. ఉత్తరం.

ఉత్తరానికి వెళ్ళింది ఒక్కటే. మంచు కరిగించి, అక్కడినుంచి ఊరిదాకా నీళ్ళ పైపు వేసుకుంటూ రావాలని ముప్పై మూడో ఏట బయల్దేరిన మంచుబండి. ముప్పై నలుగురు ఎక్కారు. రెండో ఏట దుమ్ము తుపానుకు మధ్యలో రిలే స్తంభం కూలింది, ఆ తరవాత వాళ్ళ కబురు లేదు. ఐదేళ్ళు చూసి ఊరు వాళ్ళకు నీళ్ళు వదిలేసింది. ఆ బండి తోలింది మా అక్క కస్తూరి.

216వ రోజు

గేటు కాపలా చూసే బుల్లెయ్య నా మాట విని బగ్గీ తీశాడు. మామూలుగా సంతకాలు లేనిదే గేటు దాటనివ్వని మనిషి. ఉత్తరపు గుట్ట నాలుగు కిలోమీటర్లు. రెండు గంటల్లో వెనక్కి వచ్చి, హెల్మెట్ తీసి, అలాగే నేల మీద కూర్చున్నాడు.

"ఉన్నారమ్మా. బండి గుట్ట దిగతంది. ఎనకాల పైపు, కనుచూపు మేర పైపేనండి బాబు. అద్దంలోంచి పిల్లలు నన్ను చూసి దండాలు పెడతన్నారు. పిల్లలమ్మా. ఆళ్ళక్కడే పుట్టుంటారు."

"మా అక్క?"

"జుట్టు నెరిసిపోయింది గానీ మడిసి ఏం మారలేదు. రేడియోలో మాట్టాడే ముక్కలన్నీ పైపులు అతికే మిషన్‌కి వాడేశారంట. అద్దం మీద సుద్దతో రాసి సూపించింది. గాలి మిషన్ చెడిందంట. ఉన్న గాలి తొమ్మిది రోజులు."

బండి రోజుకి అర కిలోమీటరు నడుస్తుంది, దాని వేగమే పైపు వేసే వేగం. అంటే గేటుకి చేరేసరికి ఎనిమిది రోజులు. పైపు వదిలేసి గబగబా రమ్మని బుల్లెయ్య పలక మీద రాసి చూపించాడట. అక్క 'వదలం' అని రాసి, కింద గీత కూడా కొట్టిందట.

ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. ఆ గీత కొట్టడం అచ్చంగా మా అక్కే.

217వ రోజు

సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. బండి తలుపు లోపలివాళ్ళు తీయలేరు, బయటివాళ్ళూ తీయలేరు. ఎర్రలంక మొదటి రోజుల్లో ఒక బండి చెప్పకుండా గాలికి మించిన మనుషుల్ని దించితే, ఒక వీధి మొత్తం ఊపిరాడక పోబోయిందట. అప్పటినుంచి ప్రతి బండికీ ఒకటే కట్టడి. ఊరు దగ్గరపడ్డప్పటినుంచీ బండి గంటగంటకీ అడుగుతుంది, ఫలానా పొయ్యి వాళ్ళం, ఇంతమందిమి, గాలి ఉందా అని. గేటుకి ఆనుకున్నాక ఊరు ఆ పొయ్యి ముద్రలోని అంకెలు చెప్పి, ఉంది, రండి అనాలి. అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. తలుపు కోస్తే, గేటుకి ఆనే జోడింపు కూడా అందులోనే ఉంది కాబట్టి, అది పట్టు తప్పి లోపలి గాలంతా పోతుంది. ఒక్క తప్పు జవాబు వెళ్ళిందా, బండి ముప్పై రోజులదాకా మళ్ళీ అడగదు.

ఊరు మాటిస్తే తలుపు తీసే బండి అది. మాటిచ్చే భాషే మేం పారేశాం.

దుబాసీ రెండో సగాన్ని కూడా లేపి, జవాబు బయటికి పోకుండా గదిలోనే ఆపి చూశాను. సర్వర్ చెప్పింది ఒకటే మాట. 'అటువంటి పొయ్యి లేదు.'

అప్పుడు గోవర్ధనం గారి గదికి వెళ్ళాను. మూడేళ్ళ కిందట ఎవరూ వాడట్లేదని దుబాసీల్ని తీసేయించారని, అడగనివాడు లేనివాడు కాదని, నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన చాలాసేపు విని, మెల్లగా ఒక మాట అడిగారు.

"దుబాసీని తీసింది నేనే, ఒప్పుకుంటున్నాను. పొయ్యిని ఎవరు తీశారమ్మా?"

మార్పుల పుస్తకం తెరిచాం. వెర్షన్ ఒకటి నుంచి జరిగిన ప్రతి మార్పూ అందులో ఉంటుంది, ఏదీ కొట్టేయం. తొమ్మిదో మార్పు, ముప్పై ఆరో ఏడు: 'పొయ్యిల పట్టికలో సభ్యుల పేర్లు లేని నమోదులు ఆరు. చెత్త. తొలగించడమైనది.' ఆరింటిలో నాలుగోది, మూడో వీధి, పదమూడు.

కింద సంతకం నాది.

నా తల ఎవరో తీసేసినట్టయింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగంలో చేరి నెల. పట్టిక ఎంత శుభ్రంగా ఉందో చూడమని అందరికీ చూపించుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. పట్టిక శుభ్రం చేస్తున్నాననుకుని మా అక్కను తుడిచేశాను.

గోవర్ధనం గారు పుస్తకం పుటలన్నీ తిరగేశారు. పొయ్యి ముద్ర ఎక్కడా లేదు, నమోదుతోపాటే పోయింది.

218వ రోజు

నాకు ముందు ఈ ఉద్యోగం చేసింది పేరిందేవమ్మ గారు. ఎనభై రెండేళ్ళు. మూడో వీధిలోనే ఉంటారు. వెళ్ళేసరికి చింతచిగురు ఏరుతున్నారు, గాజుగదిలో పండేది అదొక్కటే ఆవిడకి నచ్చుతుంది.

"పదమూడో పొయ్యా? అది అతిథి పొయ్యి కదే," అన్నారు తల ఎత్తకుండా. "వీధికొకటి ఉండేది. ఎవరొచ్చినా ఇంత ఉడకేసి పెట్టడానికి. దాని మీద ఎవరి పేరూ రాయం. రాస్తే అది వాళ్ళింటి పొయ్యి అయిపోద్ది గదా."

"మరి మంచుబండి వాళ్ళని దాని కింద ఎందుకు పెట్టారు పిన్నిగారూ?"

"దూరం ఎళ్ళేవోళ్ళ ఇంటి పొయ్యి ఆర్పేస్తాం. ఆర్పేసినోళ్ళని గాల్లో వదిలేస్తామా? తిరిగొచ్చేదాకా అతిథి పొయ్యి కింద ఉంచుతాం. మీ అక్కోళ్ళని నేనే అలా పెట్టాను."

"ఈ సంగతి ఎక్కడా రాయలేదేంటి?"

"రాయడమేంటి? అందరికీ తెలిసిందేగా." అప్పుడు తలెత్తి నన్ను చూశారు. "నువ్వు అడగలేదు గదమ్మా. వచ్చీ రాగానే అంతా సర్దేత్తన్నావు. చలాకీ పిల్ల అనుకున్నాను."

ఆవిడ రాయలేదు, నేను అడగలేదు. మేమిద్దరం కలిసి నలభై ఒక్కమంది మెడ మీద కత్తి పెట్టాం. ఆ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ చేతిలో చిగురు కింద పెట్టి, లేచి, గోడవార ఉన్న నీళ్ళ బిందెను రెండు చేతులా పక్కకి దించారు. బిందె కింద పాత ఇనప పొయ్యి.

"పొయ్యిలన్నీ కరిగించేత్తామంటే దీన్ని ఇవ్వలేదు. అట్టు దీని మీద కాలినట్టు దేని మీదా కాలదు. తిప్పు."

తిప్పి మసి గోకితే అడుగున ముద్ర ఉంది. మూడో వీధి, పదమూడు, కింద తొమ్మిది అంకెలు. అక్కడే చతికిలబడి మూడుసార్లు చదివి రాసుకున్నాను. ఆవిడ నాలుగోసారి చదివించారు.

221వ రోజు

ముద్ర దొరికింది కదా, ఇంకేముంది అని ఊరంతా అనుకుంటోంది. వచ్చేవాళ్ళ కోసం అప్పుడే బొబ్బట్ల పిండి కలపాలా అని అడుగుతున్నారు. పొయ్యిని పట్టికలో పెట్టడం దగ్గరే అసలు తంటా.

గోవర్ధనం గారి మొదటి సలహా, సర్వర్‌ని ఒక పూట వెర్షన్ ఆరుకి వెనక్కి తిప్పుదామని. అలా తిప్పితే ఆ పూట పదమూడు వందల ఆరుగురి తలుపులూ, ఆస్పత్రిలో పదకొండు మంచాలూ మూగబోతాయి. వచ్చేవాళ్ళ కోసం ఉన్నవాళ్ళని చంపలేం కదండీ అన్నాను. రెండో సలహా, పోయిన నమోదును ఉన్న పట్టికలోనే తిరిగి రాసేద్దామని. ఇప్పటి పట్టికలో మనిషి నంబరు లేనిదే నమోదు ఉండదు. నంబరు అక్కర్లేదని కట్టడి సడలిస్తే, నంబరు ఉంటుందని నమ్మి బతుకుతున్న పదిహేడు దుబాసీలు ఒక్కసారి కూలతాయి.

చివరికి ఉన్నది ఏదీ ముట్టుకోలేదు. పక్కన ఒక కొత్త పట్టిక కట్టాను. పేరు 'అతిథి పొయ్యిలు'. వీధి, ముద్ర, అంతే. ఎంతమంది అన్న గడి పెట్టలేదు, పాతదానిలోనూ లేదు. ఆ పట్టిక ఉందని ఆరో దుబాసీకి, ఊరి గాలి మిషన్‌కి మాత్రం చెప్పాను. మిగతా ప్రపంచానికి నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలి.

ఊరి పట్టికలన్నిటికీ నకలు తీసి, దాని మీద ఒక్కొక్క దుబాసీని పెట్టి నడిపించాను. మార్పులు బంద్ అన్న ఆ గోవర్ధనం గారే ఉపన్యాసం పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి నా పక్క కుర్చీలో కూర్చుని ఒక్కో జవాబూ టిక్కు పెట్టారు. పదహారు బాగున్నాయి. పదకొండో వెర్షన్ దుబాసీ మాత్రం, అది ఆస్పత్రి మంచాలకు మాట్లాడేది, ఊరి జనాభా రెండింతలు చెప్పింది. గాలి మిషన్ చూపులో కొత్త పట్టిక కలవగానే ప్రతి మనిషినీ అది రెండుసార్లు లెక్కబెడుతోంది. అలాగే వదిలి ఉంటే మంచాల మీద ఉన్నవాళ్ళకి సగం గాలి అందేది.

"ఇది నకలు మీద కాబట్టి సరిపోయింది," అన్నారు ఆయన, నుదురు తుడుచుకుంటూ.

"అందుకే కదండీ నకలు," అన్నాను. ఆయన నవ్వారు. ఆయనతో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను, పళ్ళు కనబడటం ఇదే మొదటిసారి.

223వ రోజు

పదకొండోది సరయింది. నిన్న పొద్దున, మిట్టమధ్యాహ్నం, ఇవాళ పొద్దున మూడుసార్లు మొదటినుంచీ నడిపించాం. పదిహేడూ నిన్నటి జవాబులే చెబుతున్నాయి, అక్షరం తేడా లేదు. మధ్యాహ్నం అసలు సర్వర్‌లో మార్పు ఎక్కించాను. ఊళ్ళో ఒక్క తలుపు కిరకిరలాడలేదు. రెండో వీధి స్నానాల గది గొణిగింది, అది ఆరోగ్యంగా ఉందని అర్థం.

అక్కావాళ్ళు అర కిలోమీటరు దూరంలో ఉన్నారు. కిటికీలోంచి బండి దీపాలు కనిపిస్తున్నాయి.

224వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం పది గంటలకు బండి గేటుకి ఆనుకుంది. ఆ చప్పుడు నేలలోంచి మా అరికాళ్ళకు తెలిసింది. ఊరు ఊరంతా గేటు దగ్గరే ఉంది. నేను సర్వర్ గదిలో ఉన్నాను, నా పక్కన గోవర్ధనం గారు, వెనక కుర్చీలో పేరిందేవమ్మ గారు. గేటు దగ్గరినుంచి బుల్లెయ్య మైకులో చెబుతున్నాడు.

ప్రశ్న వచ్చింది.

మూడో వీధి. పదమూడో పొయ్యి. నలభై ఇద్దరం. గాలి ఉందా?

నలభై ఇద్దరం. ఇంతకుముందు ప్రశ్నదాకా నలభై ఒక్కరు. జవాబు కట్టినదంతా, పరీక్షించినదంతా నలభై ఒక్కటి మీద. గోవర్ధనం గారు నా మోచెయ్యి పట్టుకుని, ఆపుదామా అన్నారు. ఆపితే వాళ్ళకి మిగిలింది ఒక్క రోజు గాలి.

"పురుడొచ్చుంటది ఎవరికో," అన్నారు వెనకనుంచి పేరిందేవమ్మ గారు, చాలా మామూలుగా. "అతిథి పొయ్యికి ఇంతమందే అని ఎప్పుడైనా రాశామటే?"

రాయలేదు. ఆ గడే లేదు. ఎంతమంది అని బండి అంటే అంతమంది, ఊరికి గాలి ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. ఊరికి గాలి ఉంది. గాలి మిషన్ చెప్పిన మిగులు రెండు వందల మందికి సరిపడా ఉంది. నేను మీట నొక్కాను.

ఆరో దుబాసీ ముద్రలోని తొమ్మిది అంకెలూ చెప్పింది. తరవాత, ఉంది, రండి అంది.

తెర మీద ఏమీ లేదు. పది అంకెలు లెక్కబెట్టాను. ఇంకో పది. పేరిందేవమ్మ గారు ఏదో స్తోత్రం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయారు. అప్పుడు ఒక వరస పడింది, వెర్షన్ ఆరు భాషలో, మొదటిసారి ప్రశ్న కానిది.

అందింది. వస్తున్నాం.

మైకులో బుల్లెయ్య అరుస్తున్నాడు. "తలుపు తీసుకుందండీ. తీసుకుందండి బాబు. వత్తన్నారు, అందరూ వత్తన్నారు." ఆ వెనక వినిపించిన కేక ఊరంతటిదీ. గోవర్ధనం గారు కుర్చీ మీద ఎక్కి నిలబడ్డారు, ఎందుకో ఆయనకీ తెలియదు. నేను బల్ల మీద తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాను. సిగ్గు లేదు నాకు, ఇప్పుడు రాస్తున్నా సిగ్గు లేదు.

పరుగెత్తాను. గేటు దగ్గర ముందు పిల్లలు దిగారు. ఇంత పెద్ద గదిని చూడటం వాళ్ళకు ఇదే మొదలు కాబోలు, గోడలు పట్టుకుని నడుస్తున్నారు. తరవాత ఇవాళ పొద్దున పుట్టిన బిడ్డతో తల్లి. మిగతావాళ్ళు. చివర, బండి మొత్తం ఖాళీ అయిందని చూసుకుని, భుజం మీద పైపు కొస వేసుకుని, మా అక్క.

"దీన్ని ఎక్కడ తగిలించాలో చెప్పండి," అంది ముందు. తగిలించాకే నన్ను చూసింది. పైపులోంచి వచ్చిన మొదటి నీళ్ళు ఎర్రగా, తరవాత తెల్లగా బుల్లెయ్య బూట్ల మీద పడ్డాయి. అతను పక్కకి జరగలేదు.

ఆ సందట్లోనే చెప్పేశాను. రేపటికి ఉంచితే నాకు ధైర్యం చాలదని తెలుసు. తొమ్మిదో మార్పు, నా సంతకం, చెత్త అని రాసిన మాట, అన్నీ. అక్క విని, తల ఒకవైపుకి వంచి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు తుడిచేస్తే పోయే మనిషినటే నేను? పద, ఆకలేత్తంది. ఏ పొయ్యి మీద వండుతున్నారు?"

"పదమూడో పొయ్యి మీద," అన్నాను. పేరిందేవమ్మ గారు అప్పటికే దాన్ని వీధిలోకి మోయించారు.

మార్పుల పుస్తకం, 24వ వెర్షన్, మొదటి మార్పు: అతిథి పొయ్యిలు ఆరూ, ఐదింటికి కొత్త ముద్రలతో, పట్టికలో తిరిగి చేర్చడమైనది. వీటిపై పేరు రాయరాదు, పరిమితి పెట్టరాదు. ఎవరూ అడగడం లేదన్న కారణంతో ఏ దుబాసీనీ తీయరాదు. కారణం తెలియని నమోదును తుడిచే ముందు పెద్దవాళ్ళని అడగవలెను. జనాభా 1,348. సంతకం, హైమ.